ఇస్సాకు పక్కన జాగా

“జాగా సంఘానిది వదినా. నీ పుట్టింటోళ్ళు రాసిచ్చింది గాదు.”

“నా మొగుడి పక్కన జాగా నాది. ఆయన్ని పూడ్చిన రోజే కొలిపించి వదిలిపెట్టించా. నువ్వు ఆడే ఉన్నావుగా, అప్పుడు నోరు యాడ బోయింది?”

“అప్పుడు అన్న పోయాడని ఏడుస్తా ఉన్నా.”

“ఏడవలా. గోడ చాటున బీడీ తాగుతా ఉన్నావు. నేను చూశా.”

సమాధుల దొడ్డి ప్రహరీకి ఇవతల సర్కారు తుమ్మ కొడుతున్న నేను కత్తి ఆపాను. నేనొక్కడినే కాదు, చుట్టూ అందరి కత్తులూ ఆగాయి. మా పల్లెలో గురవమ్మకీ ఆమె మరిది పుల్లారావుకీ గొడవ మొదలైతే పని చేసుకుంటూ వినడం ఎవరివల్లా కాదు.

అది అక్టోబరు మొదటి శనివారం. నవంబరు రెండున సమాధుల పండగ. పక్క ఊళ్ళవాళ్ళను చూసి మా సంఘం కూడా మొదలుపెట్టింది. నెల ముందే ముళ్ళకంప కొడతారు, సమాధులకు సున్నం వేస్తారు, ఆ రోజు సాయంత్రం బంతిపూలు, కొవ్వొత్తులు పెట్టి పాటలు పాడతారు. గురవమ్మ భర్త ఇస్సాకు సమాధి గేటుకు దగ్గర్లోనే ఉంది. దాని పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. పుల్లారావు ఆ పొద్దున ఆ ఖాళీ చుట్టూ సున్నంతో గీత గీశాడు. చేతులు కడుక్కోవడానికి అక్కడ కొళాయి పెట్టిద్దామని ఆయన ఆలోచన.

“అసలు నీ పేరేంది?” అన్నాడు పుల్లారావు. “గురవమ్మ. ఇన్నేళ్ళు బల్ల కాడ కూర్చున్నావు, పేరు మార్చుకోలా. రేపు ఆ పేరు రాయి మీద చెక్కితే ఈ దొడ్డి మనదా, ఇంకోళ్ళదా అంటారు జనం. మునిగిన రోజే మార్చుకోవాల్సింది.”

“నువ్వు మునిగీ పుల్లారావేగా. అయినా మునిగితే గదా నేను మార్చుకునేది.”

పుల్లారావు ఒక అడుగు ముందుకేశాడు. “ఏమన్నావు?”

“చెవుడా? నన్నెవరు ముంచారు? మీ అన్న చెప్పాడు, మీరు నమ్మారు. పో. పోయి మైకులో చెప్పుకో.”

అనేశాక ఏమన్నదో ఆమెకే అర్థమైంది. పార అక్కడే పడేసి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి పోయింది. పుల్లారావు మాత్రం కదల్లేదు. ఆయన మొహంలో కోపం లేదు. ఎప్పటినుంచో వెతుకుతున్న వస్తువు కాలికి తగిలినవాడి మొహం అది.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా సంఘంలో నీళ్ళలో నిండా మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే సభ్యులు. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం వాళ్ళకే. ఆ ప్రహరీ లోపల నేల కూడా వాళ్ళకే. పై ఊళ్ళ నుంచి వచ్చిన కోడళ్ళు అక్కడెక్కడో మునిగామంటే, ఔనని ఒక మనిషి నిలబడి చెబితే చాలు, చేర్చుకుంటారు. గురవమ్మది వినుకొండ అవతల ఒక పల్లె. వాళ్ళవాళ్ళు రాళ్ళు కొట్టుకునే హిందువులు. రోడ్డు పనికి పోయిన ఇస్సాకు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ ఊరి వాగులో మునిగే వచ్చిందని అప్పటి పాస్టరు అయ్యగారికి చెప్పాడు. అయ్యగారు పెళ్ళి చేశాడు. తరువాత ఇస్సాకు సంఘ పెద్ద అయ్యాడు, చచ్చిపోయేదాకా పెద్దగానే ఉన్నాడు.

గురవమ్మ మంచి మనిషి అని నేను రాయను. పల్లెలో ఆమె నోట పడని కొంప లేదు. పత్తి తీసే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. పొద్దున్నే పేరుపేరునా తిట్టి లేపుతుంది. కాలేజీ మానేసి ఇంటికొచ్చిన రోజు నుంచి నన్ను అరడిగ్రీ అంటుంది. “ఏరా అరడిగ్రీ, తిన్నావా?” అని అడిగితే అది పలకరింపే, కానీ వీధి చివరిదాకా వినపడేలా అడుగుతుంది. నేనూ ఊరుకోను. పెద్దమ్మా అంటూనే అనాల్సినవి అనేవాణ్ణి. మా రెండిళ్ళ మధ్య ఒకటే గోడ. ఆమె పెట్టే రభసకు మధ్యాహ్నం నిద్ర ఉండదు.

ఆ శనివారం సాయంత్రం పుల్లారావుతో సహా సంఘ పెద్దలంతా అయ్యగారింట్లో కూర్చున్నారు. ఈ అయ్యగారు కొత్తవాడు. వచ్చి ఏడాది కాలేదు, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళవైపు తల ఊపుతాడు. మర్నాడు బల్ల. బల్ల రొట్టె ఎన్నో ఏళ్ళుగా గురవమ్మే కాల్చేది. ముంచని చేతుల రొట్టె ఇక వద్దన్నారు. ఆ పని మా అమ్మ రూతమ్మ నెత్తిన పెట్టారు.

మా అమ్మ భయంతో పిండి ఎక్కువసేపు పిసికింది. ఆదివారం పొద్దున అయ్యగారు రొట్టె పైకెత్తి, “ఇది మీ కొరకు విరువబడిన” అన్నాడు గానీ రొట్టె విరగలేదు. రెండు చేతులా లాగాడు. మోకాలికి ఆనించి వంచాడు. చివరికి లోపల్నుంచి కత్తి తెప్పించారు. గురవమ్మ ఆడవాళ్ళ చాప మీద ముందు వరసలో, తన చోట్లోనే కూర్చుని ఉంది. పళ్ళెం పట్టుకున్న పుల్లారావు ఆమె దగ్గరికి వచ్చి, ఆగి, దాటిపోయాడు. ఆమె చాచిన చెయ్యి అలాగే ఉంది.

“ఇన్నేళ్ళు నేను కాల్చింది నమిలారు. అరిగిందిగా,” అంది. గుడి మొత్తానికి వినపడింది.

ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్ళు చాప మీద మెల్లగా అవతలికి జరిగారు. అదే ఆడవాళ్ళు సోమవారం పొద్దున ఆమె మాట్లాడిన ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని పత్తి చేలకు పోయారు. ఆమె లేకపోతే పని లేదు. చేలో ఒకామె ధైర్యం చేసి, “అత్తా, ఇప్పుడైనా మునిగితే అయిపోయిద్దిగా,” అన్నదట. “నీ సాలు నువ్వు తీయి. కాయలో సగం పత్తి వదిలేస్తన్నావు, నా ఆత్మ ఏరతావంట,” అన్నది గురవమ్మ. మా అమ్మ వచ్చి చెబితే నవ్వాను. మా అమ్మ నవ్వలేదు. “నువ్వు కూడా మునగలేదురా. రేపు నీ గతేంది?” అంది. ఆ మాట ఆమె రోజూ అంటుంది.

కోత పండగనాడు ఇంకో రగడ. ఆ ఆదివారం ఎవరి పంటలో మొదటి భాగం వాళ్ళు గుడికి తెస్తారు. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్ళు, పత్తి. గురవమ్మ తన కౌలు చేలో మొదటి తీత పత్తి ఒక మూట కట్టి నెత్తిన పెట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గర పుల్లారావు అడ్డం నిలబడ్డాడు.

“లోపలికి తేమాక. బయట పెట్టు. తరవాత చూస్తాం.”

“దేవుడికి తెచ్చా, నీక్కాదు.”

“దేవుడు బయటా ఉంటాడు వదినా.”

“ఉంటాడు. నువ్వు లోపలున్నావు గదా, ఆయన బయటికొచ్చి ఉంటాడు.”

మూట మెట్ల పక్కన దించి, దాని మీదే కూర్చుంది. ఆరాధన అయ్యేదాకా అక్కడే ఉండి పాటలన్నీ లోపలివాళ్ళ కంటే గట్టిగా పాడింది. ఆమెకు శ్రుతి లేదు. లోపల కీబోర్డు వాయించేవాడు రెండుసార్లు ఆపి బయటికి చూశాడు. వెళ్ళేటప్పుడు మూట అక్కడే వదిలేసింది. సాయంత్రం మేకలు పీకుతుంటే నేనే గుడి అరుగు మీదకి లాగాను.

ఆ వారంలో ఆమె కూతురు షెర్లీ నరసరావుపేట నుంచి వచ్చింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఆ తల్లికి తగ్గ కూతురే. గోడ ఇవతల మంచం మీద పడుకున్న నాకు ఒక్క మాట కూడా పోకుండా వినపడింది.

“అమ్మా, నెలాఖరు ఆదివారం కాలవలో బాప్తిస్మాలంట. తెల్ల చీర నేను తెచ్చా. ఒక్క మునక. అయిపోయిద్ది.”

“మునగనని నేనెప్పుడన్నా? చీర ఆ దండెం మీద పడెయ్.”

“మరి ఏందీ గోల?”

“మునిగే ముందు సాక్ష్యం చెప్పాలిగా. మీ నాన్న అబద్ధమాడి నన్ను ఈ గుళ్ళోకి తెచ్చాడని ఆ సాక్ష్యంలో చెప్పాలంట. మీ బాబాయి పెట్టిన మెలిక. అట్టా చెబితేనే మునక, మునిగితేనే జాగా.”

“చెప్పు. ఊరంతా తెలిసిందేగా.”

“ఊరికి తెలవడం వేరు. నా నోటితో మైకులో చెప్పడం వేరు.”

“దొడ్డి కాడ అరిచింది నువ్వేగా.”

“కోపంలో అరిచా. కోపంలో అన్నది సాక్ష్యం గాదు.”

షెర్లీ కంచం నేలకేసి కొట్టిన చప్పుడైంది. “చచ్చినాక యాడ పెడితే ఏందమ్మా? నేను పేటలో పెట్టిస్తా నిన్ను. ఆడ ఎవడూ అడగడు.”

“పేటలో ఎవరున్నారే నాకు? తెలియనోళ్ళ మధ్యన పడుకోనా? ఆయన పక్కన తప్ప ఎక్కడా పడుకోలా నేను. నాకు అలవాటు లేదు.”

షెర్లీ సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. వెళ్తూ మా గుమ్మం ముందు ఆగి, “మా అమ్మను చూస్తా ఉండు తమ్ముడూ,” అని, వెంటనే, “నువ్వేం చూస్తావులే,” అని పోయింది.

నెలాఖరు ఆదివారం మేజరు కాలవకు పల్లె మొత్తం కదిలింది. సాగర్ నీళ్ళు నిండుగా పోతున్నాయి. రేవు దగ్గర రెండు గట్లకూ తాడు కట్టారు. అయ్యగారు నడుం లోతులో నిలబడ్డాడు. వరసలో ఇంటరు చదివే పిల్లలు ముగ్గురు, వాళ్ళ వెనక తెల్ల చీరలో గురవమ్మ. వస్తుందని ఎవరూ అనుకోలేదు. మా అమ్మ నన్ను కూడా నెట్టబోయింది. నేను గట్టు మీద నుంచి కదల్లేదు.

పిల్లలు ముగ్గురూ గుక్కతిప్పుకోకుండా సాక్ష్యాలు చెప్పి మునిగి లేచారు. గురవమ్మ నీళ్ళలోకి దిగింది. గట్టు మీద నుంచి ఒకతను మైకు వైరు పొడుగ్గా వదిలి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

“నాకు కోపం ఎక్కువ,” అంది. “నోరు మంచిది గాదు. మా అత్తను చచ్చిందాకా తిట్టా, చచ్చినాక కూడా తిట్టా. తడిసిన పత్తి బోరం సంచి అడుగున పెట్టి తూకం వేయించా. మునగకుండా బల్ల తీసుకున్నా. నా నోరు నేనే తెరిచా, ఎవరూ నా నోట్లో కుక్కలా. అది నా తప్పు. పుల్లారావు చావాలని ప్రార్థన చేశా. అది మొన్ననే. ఇంతే. ముంచండి అయ్యగారూ.”

జనంలో కొందరు నవ్వారు. పుల్లారావు రేవు మెట్టు మీదకి దిగాడు.

“అన్న సంగతి చెప్పలా.”

“ఆయన సంగతి ఆయన చెప్పుకునుంటాడు. పోయాడుగా చెప్పే చోటికి.”

“అబద్ధమాడాడని ఒక్క మాట చెప్పు, చాలు.”

“నువ్వు చెప్పు. నీకు నోరుందిగా.”

“నేను చెబితే పగతో చెప్పానంటారు.” పుల్లారావు అయ్యగారి వైపు తిరిగాడు. “నేను తాగానని నిజం చెప్పా అయ్యగారూ. గుళ్ళో నిలబడి, అందరి ముందర, నా అంతట నేను. నిజం చెప్పినందుకు మా అన్న నన్ను ఏళ్ళ తరబడి బల్ల కాడికి రానీలా. నా పెళ్ళాం లోపల రొట్టె తింటంటే నేను గుమ్మంలో చెప్పుల పక్కన కూర్చున్నా. అబద్ధం చెప్పినాయన బల్ల వెనకాల కూర్చున్నాడు. ఈమె ఒక్క మాట చెప్పొద్దా?”

అప్పటిదాకా పుల్లారావును తిట్టుకుంటున్న నాకు కూడా ఆ మాట న్యాయంగానే తోచింది. గురవమ్మ నీళ్ళలో నిలబడి ఆయన్నే చూసింది.

అయ్యగారు అటూ ఇటూ చూసి, “అమ్మా, సత్యం చెప్పాలి గదమ్మా,” అన్నాడు.

“నా సత్యం చెప్పా. ముంచుతారా, వాడి మొకం చూస్తారా?”

అయ్యగారు పుల్లారావు మొహమే చూశాడు. గురవమ్మ మైకు పక్కకి నెట్టి, తాడు పట్టుకుని మెట్లెక్కింది. చీర నడుం దాకా తడిసింది, పైన పొడిగానే ఉంది. పుల్లారావు పక్కనుంచి పోతూ ఆగింది.

“నిన్ను బల్లకు రానీనప్పుడు నేను ఆయనతో పోట్లాడా. తెలుసా నీకు?”

“తెలవదు.”

“వారం రోజులు కూడు వండలా. అయినా వినలా.” అంతే చెప్పి, తడి చీరతోనే కాలవ గట్టు వెంబడి ఇంటికి నడిచింది. మర్నాడు పుల్లారావు మనుషులను పెట్టి ఆ ఖాళీలో కొళాయికి గొట్టం పాతించాడు. కొళాయి మాత్రం ఇంకా బిగించలేదు.

సమాధుల పండగకు ముందు రోజు సాయంత్రం మా తాత సమాధికి సున్నం వేయడానికి నేను దొడ్డికి పోయాను. గురవమ్మ ఇస్సాకు సమాధి మీద కూర్చుని ఉంది. సున్నం వేయడం అయిపోయింది, చీర నిండా చుక్కలు. పక్కన ఆ గొట్టం నేలలోంచి మోచెయ్యంత పైకి లేచి ఉంది. దాని మీద సున్నం డబ్బా బోర్లించి పెట్టింది.

“ఏరా అరడిగ్రీ. రా. కూర్చో.”

“సమాధి మీదనా?”

“ఆయనేమీ అనడు. బతికున్నప్పుడు కూడా అన్లా.”

నేను నిలబడే ఉన్నాను. అడగాలనుకున్నది అడిగేశాను. “అసలు పెళ్ళప్పుడే ముంచితే పోయేదిగా పెద్దమ్మా. ఒక్క పూట పని. ఎందుకు అబద్ధమాడాడు?”

“నడివేసంకాలంరా. కాలవ ఎండిపోయింది. అప్పుడు బోర్లు యాడ ఉన్నయ్? తాగే నీళ్ళకే ఆడోళ్ళు కొట్టుకుంటన్నారు, నన్ను ముంచడానికి ఎవరిస్తారు? నీళ్ళు వదిలిందాకా ఆగమన్నాడు ఆ అయ్యగారు. ఆగితే మా అన్నోళ్ళు వచ్చి నరికేవాళ్ళు. అప్పటికే పిడుగురాళ్ళ దాకా వచ్చారంట. అందుకని మీ పెదనాన్న నేను మునిగే వచ్చానన్నాడు. వానలు పడ్డాక ముంచుదామనుకున్నాడు. పడేసరికి జనమంతా నమ్మి కూర్చున్నారు. ఇంక ఎట్టా ముంచుతారు?”

“అది చెప్పొచ్చుగా గుళ్ళో.”

“ఎట్టా చెప్పినా చివరికి అబద్ధమాడాడనే చెప్పాలి. ఆయన్ని సంఘ పెద్దగానే పూడ్చాం. పెద్దగానే ఉండనీ.” డబ్బా తీసి పక్కన పెట్టింది. “పుల్లారావుది కూడా తప్పు గాదులే. వాడి కడుపులో మంట అట్టాంటిది. నేనైతే ఇంకా చేసేదాన్ని.”

ఆమె పుల్లారావు గురించి అలా మాట్లాడటం నాకు నచ్చలేదు. తిడుతుంటేనే బాగుండేది. సున్నం బకెట్టు తీసుకుని కదలబోయాను. ఆమె నా చొక్కా పట్టుకుంది.

“ఆగు. నీతో పనుంది. మా పుట్టింటి ఊళ్ళో ఇప్పుడు చిన్న సంఘం ఉంది. ఆడి అయ్యగారితో ఫోన్లో మాట్లాడా. వానలకు వాగులో నీళ్ళొచ్చినయ్యంట. ఎల్లుండి ముంచుతానన్నాడు. నా పాపాలు నేను చెప్పుకుంటే చాలంట, సచ్చినోళ్ళవి అడగనన్నాడు.”

“దానివల్ల ఏం లాభం? ఈడ పుల్లారావు బాబాయి ఒప్పుకోడుగా.”

“వాడు ఒప్పుకోనక్కర్లా. మీ పెదనాన్న ఏం చెప్పాడు? గురవమ్మ వాళ్ళ ఊరి వాగులో మునిగిందన్నాడు. ఎల్లుండి నుంచి అది నిజం.”

“ఆయన చెప్పింది పెళ్ళికి ముందు మాట పెద్దమ్మా.”

“ఎప్పుడని ఎవరూ అడగలా. నేను పక్కనే ఉన్నా. యాడ మునిగిందన్నారు, వాగులో అన్నాడు. అంతే.” చొక్కా ఇంకా వదల్లేదు. “వినరా. నేను పోయిన రోజు పుల్లారావు ఈ గేటుకు అడ్డం నిలబడతాడు. షెర్లీ ఏడుస్తా కూర్చుంటది, దానివల్ల గాదు. మీ అమ్మకు భయం. నీకు భయం లేదు, మర్యాద అంతకన్నా లేదు. అందుకని నీకు చెబుతన్నా. ఎల్లుండి పొద్దున నాతో మా ఊరు రా. నీళ్ళలోకి దిగమాక, గట్టు మీద నిలబడి చూడు చాలు. నా శవం ఈ గేటు కాడికి వచ్చినప్పుడు ముందుకొచ్చి, గురవమ్మ వాళ్ళ ఊరి వాగులో మునిగింది, నా కళ్ళతో చూశానని అందరూ వినేట్టు చెప్పు. ఎప్పుడని అడిగితే మాత్రం నోరు మూసుకో.”